శుభ్రం చేసిన ఆకాశం

నంద్యాల,
28 జనవరి 2026

అక్కకు, రూబెన్ రాసేది.

ఈ పార్సిల్‌లో పాములపాడు పెండ్లి పెట్టినా. పెన్‌డ్రైవ్‌లో మూడు వందల పది ఫోటోలుండాయి. పెండ్లికొడుకు మేనత్తకు కంటి పైన ఒక కాయ ఉండాది, టచింగ్‌లో దాన్ని తీయొద్దన్నారు. తీస్తే ఆమె ఆమె కాదంట. మిగతావన్నీ నీ చెయ్యి ఎట్ల పోతే అట్ల.

ఇంగ అసలు సంగతి. మన ఫిలిప్ పాస్ పంపినాడు. వాళ్ల ఎయిర్‌ఫోర్స్ స్టేషన్లో వచ్చే ఎనిమిదో తేదీ, ఆదివారం, విమానాల ప్రదర్శన. నాలుగు దినాల ముందు, బుధవారం, రిహార్సల్. ఆ పొద్దు ఆడ పనిచేసేవాళ్ల ఇంటివాళ్లను లోపలికి రానిస్తారంట. ఒక పాస్ మీద ఒకరే. "అమ్మకు చప్పుడు వినపడదు, వచ్చి ఏం చేస్తాది? నువ్వు రా మామా, కెమెరా మర్చిపోవద్దు" అన్నాడు. ఊరి పేరు మాత్రం యాడా రాయొద్దన్నాడు. రైల్లో ఒక రాత్రి, సగం పగలు.

హైదరాబాదు నించి పెద్ద లెన్సు అద్దెకు తెప్పించినా. భుజానికెత్తుకుంటే బోరు పైపు మోసినట్ల ఉండాది. నీ మరదలు జెస్సీ ఒకటే నవ్వు, "పెండ్లికూతురు పారిపోతే ఆత్మకూరు దాకా కనపడతాది" అంటాది. నవ్వుకోనీ. ఇరవై ఆరేండ్లుగా తాళి కట్టే వేళ్లు తీస్తాండా. ఒక్కసారన్నా ఎగిరేదాన్ని తీయాల.

నీ తమ్ముడు,
రూబెన్

*

ఆళ్లగడ్డ,
30 జనవరి

రూబెన్,

పాములపాడు వాళ్లవి అయినాయి. మేనత్త కాయ భద్రంగా ఉండాది.

చప్పుడు వినపడకపోతే విమానం కూడా కనపడదా? నేను అడిగినానని నా కొడుకుతో చెప్పు. సరేలే, రాను. ఆ చలికి నా మోకాళ్లు ఒప్పుకోవు.

వాడు సరిగా తింటాండాడా లేదా కళ్లారా చూసిరా. ఫోన్లో మొగం చూపిస్తాడు గానీ పెదాలు బేగా ఆడిస్తాడు, సగం మాటలు నాకు అందవు. ఆ ఇమ్రాన్ ఉండాడే, వీనితో పాటు విమానాల కింద పనిచేసే ఆత్మకూరు పిల్లోడు, పోయిన ఎండాకాలం లీవులో మన ఇంటికొచ్చినాడే, ఆ పిల్లోడు నయం. ఎవరూ చెప్పకుండానే నాకు ఎదురుగా కూర్చొని నిదానంగా మాట్లాడినాడు. ఉగ్గాని రెండు మార్లు పెట్టించుకున్నాడు. వాళ్లమ్మ రఫ్ఫు పని చేస్తాదంట. చిరిగిన కోట్లు, పట్టు చీరలు, చిరుగు ఉండెనని తెలీకుండా పోగుకు పోగు కలిపి కుడతాదంట. "మనదీ అదే పని నాయనా" అన్నా. నవ్వినాడు.

పక్కన శిల్పుల కొట్టంలో కొత్త రాయి దించినారు. ఒకటే దుమ్ము. తెర మీద దుమ్మేదో ఫోటోలో దుమ్మేదో తెలీక పొద్దున ఒక పెండ్లికూతురి ముక్కుపుడక చెరిపేసినా. మళ్లా ఒరిజినల్ చూసి పెట్టినా. ఒరిజినల్ మీద చెయ్యి పెట్టొద్దని నాయన తిట్టి తిట్టి నేర్పింది ఇట్లాంటప్పుడు పనికొస్తాది.

నువ్వు పార్సిల్‌లో ఇట్ల జాబు పెట్టేదే నాకు బాగుంటాది. ఫోన్లో నీ గడ్డం తప్ప ఏమీ కనపడదు.

మరియమ్మ

*

నంద్యాల,
6 ఫిబ్రవరి, ఉదయం

అక్కా,

నిన్న సాయంత్రం దిగినా. ఇంకా చెవులు గుయ్యిమంటాండాయి. నీకు చప్పుడు తెలీదు కాబట్టి ఇట్ల చెప్తా. కొట్టంలో గొలుసుతో రాయి దించేటప్పుడు నీ కాళ్ల కింద నేల అదురుతాదే, అది ఎదలో అదిరినట్ల. ఒకటి పోయి ఇంకొకటి వచ్చేలోపల చొక్కా గుండీలు ఉండాయో లేదో చూసుకున్నా.

తాడు కట్టి, తాడు దాటొద్దన్నారు. తాడు ఇవతల నించే తీసినా. ఫిలిప్ చూసుకునేది తోక మీద 14 అని ఉండే విమానం. వాడు దాన్ని 'నా బండి' అంటాడు. దాన్ని నడిపే సారు నాతో చేయి కలిపినాడు. వాళ్లావిడ నా పక్కనే నిలబడి, హిందీలో, "ఆయన తిరిగేటప్పుడు ఒకటి బాగా తీయండి, అన్నా" అనింది. తీసినా. పొట్ట మన వైపు పెట్టి, ఒక పక్కకు ఒరిగి, అట్లనే నిట్టనిలువు పైకి పోయినాడు. వరసగా నాలుగు ఫోటోలు. నాలుగోది చూడు. నేను తీసినవాట్లో అట్లాంటిది లేదు.

దిగేసరికి నాలుగున్నర. ఎండ పచ్చగా పడింది, ఇంగ పది నిమిషాలు ఉంటే ఎక్కువ. దిగిన ప్రతిసారీ ఫిలిప్ దాని కిందికి దూరి, రెక్కల కింద తెల్లబట్టతో తుడిచి చూసి సంతకం పెట్టాలంట. బట్ట పట్టుకొని దూరబోతాండాడు. "ఒరే, లైటు పోతాంది, ముందిట్ల రారా" అని అరిచినా. విమానాన్ని ఒకసారి చూసినాడు, నన్నొకసారి చూసినాడు. నవ్వి, నిలబడే సంతకం పెట్టి వచ్చేసినాడు. ఆ ఫోటో కూడా పెట్టినా. వాని మొగం మీద వెలుతురు చూస్తే నువ్వు మురిసిపోతావు. చిక్కలేదు. బాగనే తింటాండాడు.

ఇప్పుడు నీ పని. ఆ నాలుగూ టచింగ్ చేయి. నాలుగోదాన్ని ఆరడుగులు చేసి స్టూడియో గోడకు పెడతా. అంత పెద్దది చేస్తే ఆకాశంలో ఈగ వాలినా కనపడతాది, అందుకని ఆకాశం అద్దం మాదిరి ఉండాల. సాయంత్రం బస్సుకే పంపు. ఆదివారం లోపల సారుకు చూపించాలని ఫిలిప్ తొందర పెడతాండాడు.

రూబెన్

*

ఆళ్లగడ్డ,
6 ఫిబ్రవరి, సాయంత్రం

రూబెన్,

ఫిలిప్ ఫోటో చూసినా. చూస్తా కూర్చుంటే పని కాదని పక్కన పెట్టినా.

నాలుగూ అయినాయి. నీ కెమెరా ఒకసారి చూపించుకో. ఎడమ రెక్క కింద నించి వెనక్కు ఒక గీత ఉండె, వెంట్రుక మాదిరి. మొదటి దాంట్లో గోరంత, నాలుగో దాంట్లో వేలంత. నల్లగా కూడా లేదు, గోరింటాకు కడిగిన నీళ్ల రంగు. మిగతా విమానాలకు యాడా లేదు. లెన్సులో ఏదో పోగు పడినట్లుండాది. ఒక్కొక్క చుక్క పక్క ఆకాశం నించి తెచ్చి కప్పినా. గంటన్నర పట్టింది. నాయన వచ్చి చూసినా కనుక్కోలేడు.

నువ్వు పంపింది పంపినట్ల నా దగ్గర ఉండాది. ఇది కొత్త డ్రైవు.

కండక్టరు తొందర పెడతాండాడు.

మరియమ్మ

*

నంద్యాల,
7 ఫిబ్రవరి

అక్కా,

నీ చేతికి దండం పెట్టాల. రాత్రే ఫిలిప్‌కు పంపినా. వాడు పెద్దది చేసి చేసి చూసినాడంట, "వెంట్రుకవాసి కూడా వంక లేదు మామా, నా బండి ఇంత శుభ్రంగా ఉండాదని నాకే తెలీదు" అన్నాడు. సారుకు, సారు భార్యకు పంపినాడు. ఆమె ఏడ్చిందంట సంతోషానికి.

లెన్సులో పోగేమీ లేదు, బాగా చూసినా. కొత్త అద్దం అది. రంగు ఏదో చీలి ఉంటాది, ఎదురెండకు అట్ల అయితాది. వదిలేయ్. ఒరిజినల్ నీ దగ్గర ఉండాది గదా, ఇంగ కెమెరా కార్డు, కంప్యూటరు రెండూ ఖాళీ చేసి పెట్టుకున్నా, రేపు బనగానపల్లె పెండ్లి.

ఈ దినం ఫిలిప్‌కు సెలవు. బండికి చక్రాల కాడ ఏదో పైపు మార్చాల్సిన తేదీ వచ్చిందంట, ఇమ్రాన్ చూసుకుంటాండాడు. ఆదివారం ప్రదర్శన టీవీలో వస్తాదంట. చూడు. చప్పుడు లేకపోయినా నీ కొడుకు బండి అది.

రూబెన్

*

ఆళ్లగడ్డ,
10 ఫిబ్రవరి

రూబెన్,

చర్చి నించి వచ్చి టీవీ పెట్టినా. మొదట బాగుండె. తర్వాత అందరూ ఒకే పక్కకు చూస్తాండారు. తర్వాత పొగ. కింద అక్షరాలు ఉరుకుతాండాయి, 'పైలట్' అనేది అందింది, దాని వెనకది అందలేదు. బయటికి పోయి కొట్టంలో సుబ్బరాయుడన్నను పిలుచుకొచ్చినా. ఆయన టీవీ విని, బయటికి పోయి, చెక్కతాండే రాతి మీద సుద్దముక్కతో రాసి చూపించినాడు. 'బతకలేదు' అని.

అది 14 కాదు గదా? నంబరు చూపించలేదు. ఫిలిప్ ఫోను రెండు దినాలుగా పలకడం లేదు. ఏదో ఒకటి రాయి. మంచిదైనా చెడ్డదైనా కాగితం మీద పెట్టి పంపు.

మరియమ్మ

*

నంద్యాల,
12 ఫిబ్రవరి

అక్కా,

14దే.

ఫిలిప్ బాగుండాడు. నిన్న ఎవరి ఫోను నించో రెండు నిమిషాలు మాట్లాడినాడు. వాని ఫోను తీసుకున్నారు. ఇమ్రాన్‌ది కూడా. విచారణ జరుగుతాంది. మన ఫోన్లలో ఈ సంగతి ఒక్క అక్షరం మాట్లాడొద్దు, ఫోటోలు పంపొద్దు అన్నాడు. ఇంగ ఏదున్నా ఈ పార్సిల్‌లోనే.

వాడు చెప్పింది చెప్తాండా. రెక్కలు తిప్పే నూనె ఉంటాదంట. ఎర్రటి నూనె. ఒక పైపు నించి అది పోయింది, సారు చేతిలో ఇంగ ఏదీ తిరగలేదు. ఆ పైపు చక్రాల కాడిదా, ఎడమ రెక్కలోదా అనేదే తేలాల. రెక్కలోదైతే నేల మీద ఉన్నప్పుడు కారదంట. పైన గట్టిగా తిప్పినప్పుడే సన్నగా వస్తాది. దిగినాక తెల్లబట్టతో తుడిస్తేనే తెలుస్తాది.

నువ్వు రాసిన జాబు మళ్లా తీసి చదివినా. గోరింటాకు కడిగిన నీళ్ల రంగు. ఒక్క విమానానికే ఉండె. రాను రాను పొడుగయింది.

ఎందుకు తీసినావు అక్కా? ఒక్క మాట నన్నడిగి తీసింటే? ఫిలిప్ ఆ ఫోటోను శుక్రవారం రాత్రి పెద్దది చేసి చూసినాడు. గీత ఉండుంటే వానికి చూడంగానే తెలిసేది. ఆదివారం బండి లేచేదే కాదు.

రూబెన్

*

ఆళ్లగడ్డ,
13 ఫిబ్రవరి

రూబెన్‌కు,

నీ జాబులన్నీ తారీఖుల వారీగా పెట్టుకున్నా. నాకు మాట్లాడినవి గుర్తుండవు, రాసినవే ఉంటాయి. ఆరో తేదీది తీసి నీ మాటలే నీకు రాస్తాండా. "ఆకాశం అద్దం మాదిరి ఉండాల." ఇది నువ్వు. "ఒరే, లైటు పోతాంది, ముందిట్ల రారా." ఇదీ నువ్వే. వాడు దూరబోతాండె. బట్ట చేతిలో ఉండె.

నేను గీతను చూసినా, చూసింది నీకు రాసినా. వదిలేయ్ అంటివి.

నేను తప్పు చేయలేదని చెప్పడం లేదు. అడగమంటాండావు, అడగకుండా చేసినా. నలభై ఏండ్లు అట్లనే చేసినా. మచ్చ కనపడితే ఇది ఏంది అని నాయనా అడగలేదు, నేనూ అడగలేదు. తీయడమే పని.

సారు భార్య అన్నావే, నీ పక్కన నిలబడినామె, ఆమె ఫోటో కూడా ఈ డ్రైవులో ఉండాది. అది నా తెర మీదికి రాకుండా చూసుకుంటాండా.

ఒరిజినల్ నా దగ్గర ఉండాది. నేను చెరిపేసినానని నువ్వు అనుకుంటాండావేమో. లేదు. గీత గీత మాదిరే ఉండాది.

మరియమ్మ

*

నంద్యాల,
21 ఫిబ్రవరి

అక్కా,

కోపం పక్కన పెట్టి ఇది చదువు.

మొన్న విచారణకని ఇద్దరు వచ్చినారు. యూనిఫాం లేదు. చెప్పులు బయటనే విడిచి లోపలికి వచ్చినారు. ఒకాయన హిందీ. ఇంకొకాయన మనోడే, సముద్రం పక్క జిల్లా. 'అండి' లేకుండా ఒక్క మాట లేదు. గద్దించినా ఇంత భయం ఉండేది కాదు. గోడ మీద ఆరడుగుల ఫోటో ముందు చానాసేపు నిలబడినారు.

"ఇది రిహార్సల్ నాడు మీరు తీసిందేనా అండి?"

"అవునండి."

"తీసింది తీసినట్టే ఉందా అండి?"

"రంగు కొంచెం పెంచినానండి."

"అంతేనా అండి?"

"అంతే."

కార్డు అడిగినారు. పెండ్లికి వాడినా, ఖాళీ చేసినా అని చెప్పినా. అది నిజమే. కంప్యూటర్లో ఉండేదంతా ఎక్కించుకున్నారు. నీ పేరు రాలేదు, నేను చెప్పలేదు. పోతా పోతా ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. నేను చెప్పిందే దాంట్లో రాసి ఉండె.

నిన్న ఫిలిప్ మళ్లా ఎవరి ఫోను నించో మాట్లాడినాడు. "మామా, నీ ఫోటో నన్ను బతికించింది" అన్నాడు. బుధవారం పైన అంత గట్టిగా తిప్పినప్పుడు కూడా ఏమీ కారడం లేదు, ఫోటో సాక్షి. అంటే బుధవారం వాడు పెట్టిన సంతకం సరైందే. తర్వాత ఆదివారం దాకా బండి లేవలేదు, దాని మీద చేయి పెట్టింది శనివారం ఒక్కటే. చక్రాల కాడ పైపు. ఇమ్రాన్.

ఆ పిల్లోన్ని వేరే గదిలో పెట్టినారంట. ఉద్యోగం ఎట్లాగూ పోతాది, జైలు కూడా అంటాండారు. ఎవరెవరితో మాట్లాడతాడని ఇంటిదాకా వచ్చి అడిగినారంట. ఇట్లాంటివి ఫిలిప్‌ను ఒక్కటి కూడా అడగలేదు.

అక్కా, ఆ డ్రైవు ఇంగ ఉండకూడదు. అది బయట పడితే ఫిలిప్‌ది దొంగ సంతకం, నాది దొంగ సాక్ష్యం. కొట్టంలో సుత్తులు ఉండాయి గదా. ఒక్క దెబ్బ చాలు.

ఈ జాబు కూడా తారీఖు వారీగా దాచుకోవద్దు.

రూబెన్

*

ఆళ్లగడ్డ,
23 ఫిబ్రవరి

రూబెన్,

జాబు దాచుకున్నా.

ఒరిజినల్ మీద చెయ్యి పెట్టొద్దన్నాడు నాయన. పగలగొట్టేదీ చెయ్యి పెట్టేదే. అట్లని ఎవరికీ ఇయ్యను కూడా. నాకు వాడొక్కడే. బియ్యం డబ్బాలో పెట్టి మూత బిగించినా.

చర్చిలో శ్రమదినాల ప్రార్థన కూటాలకు పోతాండా. అయ్యగారి పెదాలు చూడకుండా కిందికి చూసి కూర్చుంటాండా. చూస్తే ఏం చెప్తాండాడో అందుతాది.

ఆ పిల్లోడు ఉగ్గాని తిని, పళ్లెం కడిగి బోర్లించి పోయినాడు. వద్దంటే వినలేదు. ఎందుకు రాస్తాండానో తెలీదు, గుర్తుకొచ్చింది రాసినా.

బనగానపల్లె పెండ్లి ఫోటోలు ఇంకా ముట్టుకోలేదు. ఒక ఫోటోలో పెండ్లికూతురి భుజం మీద ఏదో మరక ఉండాది. తీయాల్నా వద్దా తెలీక రెండు దినాలయింది.

మరియమ్మ

*

నంద్యాల,
3 మార్చి

అక్కా,

ఈ మధ్యాహ్నం ఇమ్రాన్ తల్లి వచ్చింది. షాహజాదీ అని పేరు. ఆత్మకూరు బస్సు దిగి, దారి అడుగుతా స్టూడియోకు వచ్చింది. నీ అంత వయసు ఉంటాది. చూపుడువేలి మీద సూది గుచ్చి గుచ్చి కాయ కట్టి ఉండాది. జెస్సీ కుర్చీ వేస్తే కూర్చోలేదు.

"అన్నా, మీ ఫోటో నా కొడుకు మీద సాక్ష్యం చెప్తాందంట. అదేందో ఒకసారి చూసి పోదామని వచ్చినా."

గోడ చూపించినా. దూరం నించి చూసింది. దగ్గరికి పోయి చూసింది. అద్దాలు పైకి తోసి, ఇంకా దగ్గరికి, ముక్కు తగిలేంత దగ్గరికి పోయింది. విమానాన్ని చూడడం లేదు అక్కా. దాని వెనక ఏమీ లేనిచోట చూస్తాంది. వేలు పెట్టి, ఎడమ రెక్క కింద నించి మొదలుపెట్టి, నిదానంగా వెనక్కు పోనిచ్చింది. యాడ ఆపాల్నో ఆడ ఆపింది.

"ఈడ రఫ్ఫు చేసినారు" అనింది.

నేను ఒక అడుగు వెనక్కు జరిగినా.

"మంచి చెయ్యి. ఇంత మంచి చెయ్యి నేను చూడలేదు. కానీ అన్నా, పక్క పోగే తెచ్చి వేసినప్పుడు, అదే పోగు మళ్లా మళ్లా వస్తాది. బట్ట కట్టుకునేటోళ్లకు తెలీదు. కుట్టేటోళ్లకు తెలుస్తాది."

జెస్సీ టీ తెచ్చింది. తాగలేదు. నేను ఏమన్నా అంటానేమోనని చూసింది. అప్పుడు అనింది, "అది ఎవరి చెయ్యి అని నేను అడగను. చిరుగు ఎంత ఉండెనో చెప్తే చాలు."

నేను టీ గ్లాసు ఎత్తి జెస్సీ చేతికిచ్చినా. ఆమె చెప్పులేసుకొని పోయింది. బస్టాండు వైపు చానాసేపు చూసినా.

పగలగొట్టమని మళ్లా రాయలేను. పంపమని కూడా రాయలేను. ఫిలిప్ మొగం మీద ఆ పొద్దు వెలుతురు గుర్తుకొస్తాంది. వాన్ని పిలిచింది నేను.

ఆ ఫోటోను గోడ నించి దించినా. దించిన కాడ గోడ తెల్లగా ఉండాది. వచ్చినోళ్లంతా ఈడ ఏముండెనని అడుగుతాండారు.

రూబెన్

*

ఆళ్లగడ్డ,
5 మార్చి

రూబెన్,

ఈ పార్సిల్‌లో బనగానపల్లె ఆల్బం ఉండాది. ఆ మరక తీయలేదు. అది పసుపు.

ఆదివారం ఫిలిప్ ఎవరి ఫోనో తీసుకొని మొగం చూపించినాడు. ఎప్పుడూ బేగా ఆడే పెదాలు ఆ పొద్దు నిదానంగా ఆడినాయి. ప్రతి మాటా అందింది. "అమ్మా, మామ పంపిన ఒరిజినల్ నీ దగ్గర ఏమన్నా ఉండాదా?" ఫోటో అనలేదు, ఒరిజినల్ అన్నాడు. లేదు అని తల ఊపినా. "లేకపోతే మంచిది" అన్నాడు. ఇమ్రాన్ ఎట్లుండాడు అని అడిగినా. తెర నల్లగా అయిపాయ.

గీత సంగతి వానికి ఎవరూ చెప్పలేదు. నువ్వు చెప్పలేదు, నేను చెప్పలేదు. అయినా వానికి తెలుసు. తుడవకుండా సంతకం పెట్టింది వానికి తెలీదా?

నీ జాబు వచ్చినాక డబ్బా మూత తీసి డ్రైవు పట్టుకొని కొట్టంలోకి పోయినా. సుబ్బరాయుడన్నను సుత్తి అడిగినా. ఇచ్చినాడు. ఏం పగలగొట్టాల అని సైగ చేసినాడు. చేతిలోది చూపించినా. ఆయన దాన్ని చూసి, నన్ను చూసి, తాను చెక్కతాండే బొమ్మ చూపించినాడు. ముక్కు కొస విరిగి పోయింది. వారం పనంట. సుద్దతో కింద రాసినాడు, 'రాయి అతికితే తెలుస్తాది' అని. ఆయన బాధ ఆయనది, నా సంగతి ఆయనకు తెలీదు. సుత్తి ఆడనే పెట్టి వచ్చేసినా.

తర్వాత ఆ నాలుగు ఫోటోలు తెరిచి, తెర మీద స్కేలు పెట్టి గీతను కొలిచినా. ఆమె అడిగింది గదా, చిరుగు ఎంత ఉండెనని. మొదటి దాంట్లో అర అంగుళం. నాలుగో దాంట్లో రెండున్నర. ఒక కాగితం మీద అంకెలు వేసినా, కింద నా పేరు రాసినా. రఫ్ఫు చెయ్యి నాదని కూడా రాసినా.

ఫిలిప్‌కు వేరే జాబు రాసి పోస్టు డబ్బాలో వేసినా. నేను ఏం చేస్తాండానో దాంట్లో ఉండాది. వాడు దాన్ని ఎంతకాలం దాచుకుంటాడో, ఎన్ని దినాలకు చించుతాడో తెలీదు. నిన్ను కూడా మళ్లా పిలుస్తారు. వాళ్లు వచ్చే లోపల నువ్వే పోయి, వాళ్ల కాగితం మీద నువ్వు పెట్టిన సంతకం సంగతి చెప్పేది మంచిది. చెప్తావో లేదో నీ ఇష్టం.

ఆ కాగితం, ఒరిజినల్ డ్రైవు ఆత్మకూరుకు పార్సిల్ వేయొచ్చు. వేయను. నా కొడుకు సంగతి కండక్టరు చేతికి ఇయ్యను, నేనే పోతా. ఆమె ఎదురుగా కూర్చొని ఆమె పెదాలు చూస్తా. ఏమంటే అది.

రేపు పొద్దున ఆరు గంటల బస్సు. నంద్యాలలో మారాల. బస్టాండులో అరగంట ఉంటా, ఆత్మకూరు బస్సు ఆగే కాడ. నాతో కూడా వచ్చేటట్లయితే రా. జెస్సీతో చెప్పి సద్ది కట్టించుకొని రా, దారిలో తిందాం. ఆపడానికైతే రావద్దు. నువ్వు ఎంత అరిచినా నాకు వినపడదు.

అక్క